ఫాదర్ల బంగ్లాలో నాలుగడుగులు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలియనివే ఎక్కువ. వయసుతో పాటు జ్ఞానం పెరుగుతుందంటారు గాని, నా విషయంలో ఏటేటా తగ్గుతూనే వస్తోంది.) పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసై, గీతలు గీసే సరంజామా ఉన్న నల్ల సంచీ భుజాన తగిలించుకుని నడుస్తుంటే, సిరిసిల్ల సందుల్లోని ఇళ్లన్నీ నన్ను చూసి కాస్త సర్దుకుని నిటారుగా నిలబడుతున్నట్టు ఉండేది. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. రోజంతా ఆ చప్పుడులో ఉండి ఉండి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. అందువల్ల నేను పాసైన సంగతి మా వాడకట్టు మొత్తానికి ఒకేసారి తెలిసిపోయింది. "మా బిడ్డ ఇంజినీరైంది!" అన్నాడు. డిప్లొమాకూ ఇంజినీరుకూ తేడా ఉందని ఆయనకు నేను చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా కదా.

మంచిర్యాలలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ, ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. దాని యజమానిని అందరం స్కేలు సార్ అనేవాళ్లం. (అందరం అంటే నేనూ, చాయ్ తెచ్చే హోటలాయనా.) చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను గాని, చొక్కా కాలరు వెనక అడుగు స్కేలు గుచ్చుకుని తిరిగే మనిషిని ఆయన ఒక్కడినే చూశాను. వీపు దురద పెట్టినా దాంతోనే గోక్కునేవారు, గీత గీయాలన్నా దాంతోనే గీసేవారు. మొదటి మూడు నెలలూ నా చేత ట్రేసింగే చేయించారు. ఎవరో గీసిన గోడల మీద పల్చటి కాగితం పరిచి మళ్లీ అవే గోడలు గీయడం. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లకు ఇదెంత అవమానమో మీరే ఆలోచించండి.

ఏప్రిల్‌లో ఒకరోజు సార్ నన్ను పిలిచారు. "లక్సెట్టిపేట దాటి గోదావరి దిక్కు పోతే ఒక ఊరున్నది. ఆడ ఫాదర్లుండే బంగ్లా ఉన్నది, శానా పాతది. దాన్ని ఉంచాల్నా, కూలగొట్టాల్నా అని వాళ్ల పెద్ద ఆఫీసుల ఆలోచన చేస్తున్నరట. ముందుగాల కొలతలు తీసి ప్లాన్ గీసియ్యమన్నరు. నాకు వేరే పనున్నది. నువ్వు పోతవా?" అన్నారు. పోతాననకుండా ఎలా ఉంటాను? ఆయన అల్మారా తెరిచి, గుండ్రటి తోలు డబ్బాలో చుట్టి ఉన్న నూరడుగుల గుడ్డ టేపు తీసి నా చేతికిచ్చి, "జర పైలం. పాత టేపు. దీనికేందంటే..." అని మొదలుపెట్టారు. అంతలో ఫోన్ మోగింది. ఆయన ఫోన్ ఎత్తారు, నేను బస్సెక్కాను.

మా ఇంట్లో ఎవరికీ ఫాదర్ల సంగతి తెలియదు. వాళ్ల ఇంటికి పోతే ఎలా నడవాలి, ఎలా నమస్కారం పెట్టాలి అని బస్సులో ఒకటే బెంగ. ఏదైతే అదైందని గేటు దగ్గరే చెప్పులు విడిచాను. గేటు నుంచి ఇంటి దాకా ఎర్ర మొరం పరిచిన దారి, మధ్యాహ్నం పన్నెండు. పది అడుగులు గౌరవంగా నడిచాను, మిగతాది ఎగిరాను. వరండాలో నిలబడి ఇదంతా చూస్తున్న ముసలి ఫాదర్ గారు గాభరాగా ఎదురొచ్చి, "చెప్పులు అక్కడెందుకు విడిచావమ్మా? గుడి అటు పక్కనుంది. ఇది నేనుండే ఇల్లు" అన్నారు. ఆయనది గుంటూరు వైపట. ఇక్కడికొచ్చి ముప్పయ్యేళ్లయినా మాటలో ఆ తీరు పోలేదు. నా అరికాళ్ల మీద పోయమని చెంబుతో నీళ్లు తెప్పించారు. ఇంజినీరు గారి రాకకు జరిగిన మొదటి మర్యాద అది.

నీళ్లు తెచ్చింది ఆ ఇంట్లో వంట చేసే అవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. ఊరందరికీ ఆమె బంగ్లా అవ్వ. పెళ్లయిన రెండో ఏటనే మొగుడు పోతే ఇక్కడి వంటింట్లో చేరిందట, ఆ తర్వాత ఎందరు ఫాదర్లు మారినా ఆమె మాత్రం మారలేదు. వంటింటి పక్కన చిన్న గది ఆమె ఇల్లు. "గింత చిన్నపోరివి, నువ్వేం కొలుస్తవ్ బిడ్డా?" అంది నన్ను చూసి. నేను బదులు చెప్పలేదు. ఇంజినీర్లు అలాంటి వాటికి బదులు చెప్పరు.

ఇల్లు మాత్రం ఎవరైనా ఆగి చూడవలసిందే. ఒకే వరుసలో అయిదు గదులు. నడిమిది పెద్దది, అక్కడ పొడుగాటి భోజనాల బల్ల. దానికి అటు రెండు గదులు, ఇటు రెండు గదులు. ముందు ఇంటి పొడవునా వరండా, దానికి ఏడు కమాన్లు. ఏడో కమాను మిగతా ఆరింటికంటే ఇరుకు. ఎత్తుగా పదహారడుగుల గోడలు, వాటి పైన గాలి పోవడానికి రోషన్‌దాన్లు, కింద షాబాద్ బండలు. అన్నిటికంటే విచిత్రం పైకప్పు. మా వైపు పెంకుటిళ్ల కప్పు ఒద్దికగా వాలి ఉంటుంది. ఇది రెండు అరచేతులు జోడించి ఆకాశానికి దండం పెట్టినట్టు నిట్టనిలువుగా ఉంది. ఆ కప్పు కథ ఫాదర్ గారే చెప్పారు. ఈ ఇల్లు కట్టించినది ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదర్. ఆయనకు చదువు చెప్పడం తెలుసు, జ్వరానికి మందివ్వడం తెలుసు, ఇల్లు కట్టడం తెలియదు. బాగా తెలిసిన ఇల్లు ఒక్కటే, ఎక్కడో చలి కొండల్లో ఆయన పుట్టిన ఇల్లు. దాన్నే గుర్తుచేసుకుని కాగితం మీద గీసి మేస్త్రికిచ్చాడు.

"మేస్త్రి అడిగాడటమ్మా, కప్పు ఇంత నిటారుగా ఎందుకని. మంచు పడితే జారిపోవాలి కదా అన్నాడట ఈయన" అన్నారు ఫాదర్ గారు.

అవ్వ అందుకుంది. "మంచంటే మా మేస్త్రికి పుష్యమాసంల పొద్దుగాల పడే మంచే ఎరుక. గా మంచుకు గింత కప్పెందుకు దొరా అన్నడట. మా నాయిన చెప్పెటోడు. ఈ ఇంటికి సున్నం మా నాయినే తొక్కిండు. సున్నంల బెల్లం నీళ్లు పోసిండ్రు. చీమలు పట్టి పనోళ్లు కాలు పెట్టనీకి లేదట, నెల రోజులు పని బంద్!"

ఆ మేస్త్రి మంచిర్యాల ఎండలో మంచు కోసం కప్పు కట్టాడు. టేకు దూలాలు పైన అడవిలో కొట్టి, తెప్పలు కట్టి గోదావరిలో వదిలి తెచ్చారట. కప్పు వేసేసరికి ఇటలీ ఫాదర్‌కు జ్వరం పట్టుకుని మంచాన పడితే, ఏడో కమాను మేస్త్రి కంటి అంచనాతో ముగించేశాడు. అందుకే అది ఇరుకు. ఇంకా అందం ఏమిటంటే, భోజనాల గదిలో గోడకు ఒక పెద్ద పొయ్యి, దానికి పొగగొట్టం కూడా ఉన్నాయి. చలికాలం దాని ముందు కూర్చుని వెచ్చగా కబుర్లు చెప్పుకోవాలని ఆయన ఉద్దేశం. "సలి పెడితే బయట నెగడేసుకుంటం గని, ఇంట్ల మంట పెట్టుకుంటరా ఎవరన్న?" అంది అవ్వ. దాన్ని ఎవరూ ఎన్నడూ వెలిగించలేదు. అందులో ఆమె మామిడికాయ తొక్కు జాడీలు వరుసగా పెట్టుకుంది. గాలి తగలదు, ఎలుక రాదు, ఇంతకంటే మంచి చోటు లేదట. ఇక కప్పు సంగతి. ఆ ఎత్తులోకి వేడంతా పోయి, కింద మనుషులుండే చోట చల్లగా ఉండేది. బయట మండిపోతుంటే లోపల నా చెమట ఆరిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. కాలేజీ పుస్తకంలో ఇలాంటి ఇల్లు లేదు కాబట్టి దాన్ని నేను మెచ్చుకోలేదు.

కొలతలకు టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. ఊళ్లోవాళ్లంతా పొలాల మీద ఉన్నారు. "నేను పడ్త తియ్యి" అని అవ్వే ముందుకొచ్చింది. టేపు కొసనున్న ఇత్తడి రింగును ఆమె బొటనవేలితో గోడకు అదిమి పట్టుకునేది, నేను డబ్బా పట్టుకుని ఇవతలి గోడ దాకా వచ్చి అంకె చూసి రాసుకునేదాన్ని. ప్రతి గోడ దగ్గరా ఆమెకు ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఈ గదిలో ఫలానా ఫాదర్ మలేరియాతో నలభై రోజులున్నాడు, ఈ దర్వాజ దగ్గర గోదావరి వరదకు పారిపోయి వచ్చిన మూడిళ్లవాళ్లు కాపురం పెట్టారు, ఈ మూలన మేక ఈనింది. "అవ్వా, కథలు తర్వాత. కొస పట్టు" అనేదాన్ని. గోడల మందం మాత్రం తలుపు చట్టాల దగ్గర నా అడుగు స్కేలుతో చూశాను. పద్దెనిమిది అంగుళాలు. ఆఖరున ఇంటి వెనక, బయటి నుంచి మొత్తం పొడవు ఒకే పట్టున కొలిచాం. ఎనభై రెండడుగులు.

ఆఫీసుకొచ్చి బోర్డు మీద కాగితం బిగించి కూర్చున్నాను. పన్నెండు, పద్నాలుగు... కాదు, నా పుస్తకంలో ఉన్నవి పదమూడు, పదిహేను, ఇరవై ఒకటి, పదిహేను, పదమూడు. కూడితే డెబ్బై ఏడు. (పన్నెండు, పద్నాలుగు అని ఎందుకన్నానో కాసేపట్లో చెబుతాను.) ఆరు గోడలు, ఒక్కోటి అడుగున్నర, అంటే తొమ్మిది. మొత్తం ఎనభై ఆరు. బయట కొలిస్తే ఎనభై రెండు. మళ్లీ కూడి చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. హోటలాయన చాయ్ తెస్తే ఆయన చేత కూడా కూడించాను. ఆయనకూ ఎనభై ఆరే వచ్చింది. ఫాదర్ల బంగ్లా బయటికంటే లోపల నాలుగడుగులు పెద్దదని తేలింది!

మర్నాడు మళ్లీ బస్సెక్కాను. ఈసారి చెప్పులతోనే లోపలికెళ్లి, అన్నీ మొదటి నుంచి కొలిచాను. అంకెలు ఒక్కటంటే ఒక్కటి మారలేదు. ఎండ, ఆకలి, ఫస్ట్ క్లాసు, మూడూ కలిసి నెత్తికెక్కాయి. "అవ్వా, నువ్వు కొస సక్కగ పడ్తలేవు. అందుకే లెక్క తప్పుతున్నది" అన్నాను. నడిమి గదిలో అందరికీ వినబడేలా అన్నాను.

అవ్వ బొటనవేలు చూపించింది. రింగు అదిమి అదిమి వేలి మీద ఎర్రగా గుండ్రటి గుర్తు పడి ఉంది. "నేను గట్టిగనే పట్టిన బిడ్డా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది గాని తొక్కు వెయ్యలేదు.

ఫాదర్ గారితో సంగతి చెప్పాను, ఇల్లు బయటికంటే లోపల పెద్దగా ఉందని. ఆయన ముద్ద కలుపుతూ, "నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసమ్మా. వరదొచ్చినప్పుడు చూడాలి నువ్వు" అన్నారు తాపీగా. ఆయన వేళాకోళం నాకు నచ్చలేదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఆ మాట కిటికీ అవతల ఎవరి చెవినో పడింది. మేము చేతులు కడుక్కునేసరికి వరండాలో పది పదిహేనుమంది ఆడవాళ్లు చేరారు. ఇద్దరు పాదం ముందు పాదం పెట్టి వరండా కొలుస్తున్నారు, ఒకామె గోడకు చెవి ఆనించి వింటోంది. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా అడిగింది. "మా పిలగాని దుబాయి వీసా నాలుగు నెలల సంది ఆగింది ఫాదర్. గీ గోడకు మొక్కితే అయితదా?"

"అమ్మా, ఇది అద్భుతం కాదు. ఈ అమ్మాయి లెక్క ఎక్కడో తప్పింది, అంతే. ఇళ్లకు పోండి" అన్నారు ఫాదర్ గారు.

"నా లెక్క తప్పలేదు!" అని నేను అరిచాను. దాంతో ఆడవాళ్లకు నమ్మకం గట్టిపడింది. అద్భుతమే అని స్వయంగా ఇంజినీరమ్మ చెప్పిందని మాట్లాడుకుంటూ వెళ్లారు.

మూడో రోజు స్కేలు సార్ "ప్లాన్ అయ్యిందా?" అన్నారు. ఎల్లుండికల్లా పంపాలట. కాలేదంటే మళ్లీ ట్రేసింగు. ఇక చెప్పవలసినది చెప్పక తప్పదు, చెప్పేస్తాను. సార్ మధ్యాహ్నం భోంచేసి కుర్చీలోనే కునుకు తీస్తున్నారు. నేను కాగితం ముందు కూర్చుని ఆలోచించాను. గదులు కొలిచినవి, మార్చకూడదు. బయటి పొడవు కొలిచినది, మార్చకూడదు. మరి మిగిలినవి ఏమిటి? గోడలు. అవి కూడా కొలిచినవే అనుకోండి, కాని నోరులేనివి. నాలుగడుగులను ఆరు గోడలకు పంచితే ఒక్కో గోడకు ఎనిమిది అంగుళాలు. పద్దెనిమిదిలో ఎనిమిది పోతే పది. ఇటలీ ఫాదరూ, మా మేస్త్రీ, బెల్లం నీళ్లు తాగిన సున్నమూ కలిసి నిలబెట్టిన గోడలను రూపాయి రబ్బరుతో పావుగంటలో చెక్కేశాను. లోపలా బయటా ఎనభై రెండుకు ఎనభై రెండు. ఎంత ముచ్చటగా కుదిరిందంటే, నాకే అసలు సంగతి అదేనేమో అనిపించింది. సార్ లేచి చూసి, "నీ చెయ్యి సాఫ్‌గున్నది" అని మెచ్చుకున్నారు. ఆ పూట చాయ్ రెండుసార్లు తాగాను.

మూడు వారాలకు వాళ్ల పెద్ద ఆఫీసు నుంచి సార్‌కు ఒక రిపోర్టు నకలు వచ్చింది. అక్కడి ఇంజినీరు గారు రాసినది. పదహారడుగుల ఎత్తు గోడలు పది అంగుళాల మందంతో అంత బరువైన కప్పును మోయడం ప్రమాదకరమనీ, వానలు పడకముందే బంగ్లాను ఖాళీ చేయించి తీసివేయాలనీ, తాము స్వయంగా వచ్చి చూసి తేదీ నిర్ణయిస్తామనీ అందులో ఉంది. సార్ సంతోషంగా కాలరులోంచి స్కేలు తీసి వీపు గోక్కున్నారు. "కొత్త బిల్డింగు ప్లాన్ గూడ మనకే ఇస్తరు. రెండంతస్తులది. నువ్వే గియ్యి" అన్నారు.

నా మొదటి సొంత బిల్డింగు. కలలో కూడా అడగని మాట. అయినా ఆ పూట టిఫిను డబ్బా మూత తీయలేకపోయాను. రెండు రోజులు చిన్నమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది. ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను. సంచీలో టేపు కూడా ఉంది. ఎందుకు తెచ్చానో అప్పుడు తెలియదు. ఎవరో ఒకరు చూసి, టేపు బాగానే ఉంది, లెక్క బాగానే ఉంది, నువ్వు మంచిదానివే అంటారనేమో.

బాపుకు ఆదివారం సాంచాలు బంద్. గడపలో కూర్చుని "ఏదీ, ఇంజినీర్లు కొలిచే టేపు చూపియ్యి" అన్నాడు ఇంటికప్పు ఎగిరేలా. ఇచ్చాను. నేనైతే డబ్బా చేతిలో పట్టుకుని అంకెల కోసం ఇవతలి కొస చూసేదాన్ని. బాపు రింగు పట్టుకుని మొదలు చూశాడు. జీవితమంతా గుడ్డ తానులు చూసిన మనిషి, ముందు కొస చూడనిదే చెయ్యి ముందుకు పోదు. రెండు జానలు లాగి ఆగిపోయాడు.

"బిడ్డా, దీంట్ల ఒకటి ఏది?"

"ఒకటేంది బాపు?"

"రింగు తర్వాత ఒకటి రావాలె గద. సీదా రెండు వస్తున్నది. మొదటి అడుగు తెగిపోతే ఎవరో రింగు తీస్కపోయి ఆడ కుట్టిండ్రు. కుట్టు సూడు, సక్కగనే కుట్టిండ్రు."

చూశాను. పన్నెండడుగుల గది నాకు పదమూడు. పద్నాలుగు పదిహేను. ప్రతి కొలతకూ ఒక అడుగు ఎక్కువ. లోపల అయిదు గదులకు అయిదడుగులు, బయట ఒకే పట్టుకు ఒక్క అడుగు. తేడా నాలుగు. నూలు పట్టే మనిషి కూర్చున్న చోటనే, చదువు లేకుండా, ఒక్క క్షణంలో తేల్చేశాడు. నేను అక్కడే గడపలో కూలబడి, రబ్బరు సంగతితో సహా అంతా చెప్పేశాను.

బాపు టేపు చుట్టి డబ్బాలో పెట్టాడు. "వాళ్లకు చెప్పినవా?"

"లేదు. నౌకరీ పోతది బాపు."

ఆ మనిషి నెమ్మదిగా మాట్లాడడం నేను ఆరోజే విన్నాను. "నౌకరీ పోతే ఇంకోటి దొరుకుతది. గోడలు పోతే? పో, చెప్పిరా పో."

సోమవారం పొద్దున ఆఫీసుకు పోకుండా నేరుగా లక్సెట్టిపేట బస్సెక్కి, అక్కడి నుంచి మరో బస్సు మారి, రోడ్డు మీద దిగి బంగ్లా దాకా నడిచాను. దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను. ఎదురొచ్చిన ఒక ఎడ్లబండాయన బండి ఆపి, "ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని అడిగాడు. ఎవరూ పోలేదని చెబితే నమ్మలేదు.

వరండాలో ఫాదర్ గారు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. లోపల అవ్వ పొయ్యిలోంచి తొక్కు జాడీలు ఒక్కొక్కటీ తీసి గోనెగుడ్డ చుడుతోంది. ఆమెను సిస్టర్ల హాస్టలుకు పంపుతున్నారట, అక్కడ వంటకు వేరే మనిషి ఉంది, ఊరికే కూర్చుని తినవచ్చట. ఆ మాట చెప్పేటప్పుడు ఫాదర్ గారు నా వైపు చూడలేదు. వాళ్లలో తప్పు చేసినవాళ్లు గుళ్లో చెక్క గూడు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఫాదర్‌కు చెప్పుకుంటారని ఎక్కడో విన్నాను. "ఫాదర్, నేనొక తప్పు చేశాను. గుళ్లోకి రమ్మంటారా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి అట్టపెట్టె పక్కకు జరిపి, "అక్కడికెందుకమ్మా? ఇక్కడ కూర్చుని చెప్పు" అన్నారు. వరండా గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాను. టేపు, రబ్బరు, పది అంగుళాలు, మెచ్చుకోలు, రెండు చాయ్‌లు, ఏదీ దాచలేదు. అంతా విని ఆయన చేయి వెనక్కి చాచి గోడను ఒకసారి తట్టారు, పాత ఎద్దును తట్టినట్టు.

"అవ్వకు చెప్పావా?" అన్నారు.

అసలు కష్టం అక్కడుంది. ఫాదర్ గారు చదువుకున్న మనిషి, క్షమించడం ఆయన పని. అవ్వకు అలాంటి నియమమేమీ లేదు. లోపలికెళ్లి చెప్పాను. తప్పు టేపుదనీ, ఆమె పట్టుకున్నది సరిగ్గానే ఉందనీ. ఆమె జాడీకి గోనె చుట్టడం ఆపింది. "గట్టిగనే పట్టిన అని ఆనాడే చెప్పిన గద" అంది. నేను కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "నా కాళ్లెందుకు? జాడీలు లోపల పెట్టు. పైలం, మూతలు లూజున్నయి." ఇంకా ఏమీ తేలకముందే, ఇల్లు ఉంటుందో పోతుందో తెలియకముందే, పద్నాలుగు జాడీలు తిరిగి పొయ్యిలో పెట్టించింది.

"మీరే ఒక ఉత్తరం రాయండి ఫాదర్" అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా తిప్పారు. "నేను రాస్తే ముసలాడు ఇల్లు వదల్లేక ఏదో చెబుతున్నాడంటారు. గురువారం ఇంజినీరు గారు వస్తున్నారు. గీసినదానివి నువ్వు."

గురువారం ఆయన వచ్చారు. తెల్ల బట్టలు, తక్కువ మాటలు. వెంట స్కేలు సార్ కొత్త చొక్కాలో హుషారుగా ఉన్నారు. నేను కమాను కింద నిలబడి, బట్టీపట్టిన పద్యం అప్పజెప్పినట్టు మొత్తం ఒకే ఊపిరిలో చెప్పేశాను. స్కేలు సార్ మొహంలో రంగు పోయింది.

"ఆ టేపుకు ఒక అడుగు తీసెయ్యాల్నని అందరికి ఎరుకే కదా!" అన్నారు.

"నాకెరుక లేదు సార్. మీరు చెప్తుంటే ఫోనొచ్చింది."

ఇంజినీరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "టేపు తప్పు సరే. గోడ నువ్వు కొలిచినప్పుడు ఎంతొచ్చింది?"

"పద్దెనిమిది."

"ఎంత గీసినవు?"

"పది."

"అది టేపు తప్పు కాదు" అన్నారాయన. ఆయన జేబులోంచి స్టీలు టేపు తీసి, కిటికీ దగ్గర, దర్వాజ దగ్గర, మరో నాలుగు చోట్ల గోడ మందం చూశారు. పద్దెనిమిది, పద్దెనిమిది, ఒకచోట పందొమ్మిది. నిచ్చెన తెప్పించి, తెల్ల బట్టలతోనే కప్పులోకి ఎక్కారు. పావుగంట తర్వాత గబ్బిలాల కంపుతో, బూజు తల మీద వేసుకుని దిగి, "దూలాలు ఇనుము లెక్కున్నయి. కప్పు ఇట్ల గీసిందెవరు?" అన్నారు. "మంచు కోసం పెట్టిండ్రు సారు" అంది అవ్వ గర్వంగా. ఆయనకు అర్థం కాలేదు గాని, వెనకవైపు రేకుల కొట్టం తీసేసి, పుచ్చిన రెండు వాసాలు మార్చి, పెంకులు సర్దితే చాలని, బంగ్లాను ముట్టుకోనక్కర్లేదని అక్కడే నిలబడి రాసిచ్చారు. కొత్త ప్లాన్ అవసరం లేదన్నారు. స్కేలు సార్ నా నౌకరీ తీసేయలేదు గాని, ఆర్నెల్లు ట్రేసింగే చేయించారు. ఆ ఆర్నెల్లూ ఒక్క గోడ కూడా వెంట్రుకవాసి సన్నం చేయలేదు.

అవ్వ మాత్రం అంత తొందరగా కరగలేదు. ఆ రోజు అందరికీ తొక్కు వడ్డించి, నా దగ్గరికొచ్చేసరికి చెంచా ఆపి కాసేపు ఆలోచించింది. సగం చెంచా వేసింది. నాకు అదే చాలా ఎక్కువ.

ఫాదర్ గారు, అవ్వ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇల్లు ఉంది. నేను సర్కారు నౌకరీలో చేరి, మెట్టు మీద మెట్టు ఎక్కి, నా సంతకం లేనిదే రెండు మండలాల్లో గోడ లేవని స్థితికి వచ్చాను. తప్పులు ఇప్పుడూ జరుగుతాయి. కాకపోతే పద్ధతిగా జరుగుతాయి. ఎక్కడైనా తేడా కనిపిస్తే కింది వాళ్లకు రాస్తాను, వాళ్లు వాళ్ల కింది వాళ్లకు రాస్తారు, కాగితం తిరిగి తిరిగి నా బల్ల మీదికి వచ్చేసరికి తేడా ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఎవరూ ఏడవరు, ఎవరి నౌకరీకీ ఢోకా ఉండదు.

అప్పుడప్పుడు పని మీద జీపులో ఆ దారిన పోతుంటాను. బస్సు దిగే చోటు దాటాక, మొరం రోడ్డు మీద, ఎర్రటి ఎండలో ఒక పిల్ల నడిచిపోతున్నట్టు కనిపిస్తుంది. భుజాన నల్ల సంచీ, ముక్కు ఎర్రబడేలా ఏడుపు, అయినా నడక ఆపడం లేదు. జీపు ఆపి ఎక్కించుకుందామా అనిపిస్తుంది, పాపం ఎండ. కాని ఎక్కదు, నాకు తెలుసు. నా పక్కన కూర్చుంటే, ఊరు వచ్చేలోగా నచ్చజెప్పి వెనక్కి తిప్పేస్తానని దానికి అనుమానం.